టాక్ బాగుంది, జనం లేరు: స్కాట్ పిల్‌గ్రిమ్‌ను ఓడించింది ఎవరు?

2010 ఆగస్టు 13, శుక్రవారం. అమెరికా, కెనడా థియేటర్లలో ఆ రోజు మూడు పెద్ద సినిమాలు పోటీ పడ్డాయి. పాతతరం యాక్షన్ వీరులను ఒకచోట చేర్చి సిల్వెస్టర్ స్టాలోన్ తీసిన ‘ది ఎక్స్‌పెండబుల్స్’ ఆదివారం రాత్రికి 3.48 కోట్ల డాలర్లు రాబట్టింది. జూలియా రాబర్ట్స్ నటించిన ‘ఈట్ ప్రే లవ్’ 2.31 కోట్లు తెచ్చుకుంది. మూడోది ‘స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్’. అది 1.06 కోట్ల దగ్గరే ఆగి, అప్పటికే ఆడుతున్న పాత సినిమాల కంటే కూడా వెనకబడి అయిదో స్థానంలో నిలిచింది. పన్ను రాయితీలు పోగా దాని నిర్మాణానికి అయిన ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు. సోమవారం తెల్లవారేసరికి అందరూ దానికి ఫ్లాప్ ముద్ర వేసేశారు.

అదే వారాంతంలో ఇంకో సంగతి కూడా నమోదైంది. అమెరికాలో సినిమా విడుదలైన రోజు రాత్రి సినిమాస్కోర్ అనే సంస్థ ప్రేక్షకుల చేతికి చీటీలిచ్చి, చూసిన సినిమాకు వాళ్ల చేతనే మార్కులు వేయిస్తుంది. ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు ఉండే ఆ వరుసలో స్కాట్ పిల్‌గ్రిమ్‌కు ఏ మైనస్ వచ్చింది. హాలు నుంచి బయటికి వచ్చినవాళ్లు సంతోషంగానే వచ్చారన్నమాట.

ఈ రెండు సంగతులు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. కానీ తెలుగు సినిమా వ్యాపారం తెలిసినవాళ్లకు ఇందులో చిక్కేమీ లేదు. మన దగ్గర వీటికి మొదటి నుంచీ రెండు వేర్వేరు మాటలున్నాయి: ఓపెనింగ్స్, టాక్. సినిమా చూడకముందే జనం తీసుకున్న నిర్ణయం ఓపెనింగ్స్. చూశాక చెప్పుకున్న మాట టాక్. మొదటి రోజు వసూళ్లను చూసి ‘ప్రేక్షకులకు నచ్చలేదు’ అనడమంటే, సినిమా చూడనివాళ్ల నిర్ణయాన్ని చూసినవాళ్ల తీర్పుగా చదవడమే. ఈ సినిమా విషయంలో చాలామంది చేసిన పొరపాటు అదే. దాన్ని సరిదిద్దుతామని వచ్చిన అభిమానులు ఇంకో పొరపాటు చేశారని నా అభిప్రాయం. దాని సంగతి కొంచెం ఆగి చెప్తాను.

ముందు సినిమా ఎటువంటిదో చెప్పాలి. బ్రయన్ లీ ఓమ్యాలీ అనే కెనడా చిత్రకారుడు 2004 నుంచి 2010 వరకు ఆరు సంపుటాలుగా గీసిన నలుపు-తెలుపు కామిక్ దీనికి మూలం. జపాన్ మాంగా కామిక్‌ల ఒరవడి, పాత వీడియో గేముల మోజు, టొరంటో కుర్రకారు బతుకు కలిసిన పుస్తకాలవి. ప్రచురించింది ఓనీ ప్రెస్ అనే చిన్న సంస్థ. స్కాట్‌కు ఉద్యోగం లేదు. ఒక చిన్న బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. స్నేహితుడి గదిలో అతని పరుపు మీదే సగం చోటులో పడుకుంటాడు. పదిహేడేళ్ల నైవ్స్ చౌ అనే స్కూలు పిల్లతో తిరుగుతుంటాడు. ఇంతలో రమోనా ఫ్లవర్స్ కనిపిస్తుంది. ఆమె మనసు గెలవాలంటే ఆమె పాత ప్రేమికులు ఏడుగురితో ఒక్కొక్కరిగా పోరాడి ఓడించాలి. ఓడినవాళ్లు నాణేలుగా పగిలి నేల మీద రాలిపోతారు.

దీన్ని తెరకెక్కించిన ఎడ్గర్ రైట్ ఇంగ్లండ్ దర్శకుడు. అప్పటికే రెండు హాస్య చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు. కామిక్ పుటను తెర మీదికి ఎంత దూరం తేవచ్చో ఈ సినిమాలో పరీక్షించారు. ఫోను మోగితే ఆ మోత అక్షరాలై గాలిలో తేలుతుంది. యూనివర్సల్ సంస్థ చిహ్నం కూడా పాత వీడియో గేము గళ్ల బొమ్మగా, ఆ కాలపు బీప్ సంగీతంతో మొదలవుతుంది. స్కాట్ కల వచ్చేచోట వినిపించే నింటెండో గేము సంగీతం వాడుకోవడానికి రైట్ ఆ సంస్థకు ప్రత్యేకంగా ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్నారు. వేరే సినిమాల్లో ఎప్పుడూ న్యూయార్క్ వేషమో షికాగో వేషమో కట్టే టొరంటో నగరం ఇందులో టొరంటోగానే కనిపిస్తుంది.

ఇంత శ్రద్ధతో తీసిన సినిమాకు జనం ఎందుకు రాలేదు? దీనికి ఎక్కువగా వినిపించిన జవాబు కామిక్-కాన్. విడుదలకు మూడు వారాల ముందు, జూలై 22న, శాన్ డియేగోలో ఏటా జరిగే ఆ కామిక్ జాతరలో సినిమా ప్రదర్శించారు. చూసినవాళ్లు ఊగిపోయారు. ఆ హోరు విని స్టూడియో మోసపోయిందని తర్వాత అందరూ అన్నారు. ఆ మాటలో నిజం ఎంతో లెక్క వేసి చూద్దాం. ఆ జాతరకు వచ్చేవారు సుమారు 1,30,000 మంది. 2010లో అమెరికాలో సగటు టికెట్ ధర 7.89 డాలర్లు. వచ్చిన ప్రతి ఒక్కరూ టికెట్ కొన్నా చేతికొచ్చేది దాదాపు 10 లక్షల డాలర్లే. ఆరు కోట్లు పెట్టిన సినిమాకు అది మొదటి రోజు మధ్యాహ్నానికి కూడా చాలదు. హోరు ఎంత పెద్దదైనా హోరెత్తించేవారి సంఖ్య చిన్నదే.

అదే ధరతో మిగతా లెక్క కూడా కట్టవచ్చు. మొదటి వారాంతపు 1.06 కోట్లంటే సుమారు 13 లక్షల టికెట్లు. ఉత్తర అమెరికాలో మొత్తం వసూలైన 3.15 కోట్లంటే 40 లక్షల టికెట్లు. ఆ ఏడాది జనగణన ప్రకారం ఒక్క అమెరికా జనాభాయే దాదాపు 31 కోట్లు. వందమందిలో ఒకరో, ఒకటిన్నర మందో ఈ సినిమాకు వెళ్లారు. మిగతావాళ్లకు సినిమా నచ్చిందా నచ్చలేదా అన్న ప్రశ్నే లేదు, వాళ్లు ఇంట్లోనో పక్క హాల్లోనో ఉన్నారు. ప్రపంచమంతా కలిపినా వసూళ్లు 5 కోట్ల డాలర్లకు కాస్త తక్కువే. అందులోనూ సగానికి సగం థియేటర్లవాళ్ల వాటా.

పక్క హాల్లో ఉన్నవాళ్లను తప్పుపట్టలేం. ఆ వారం పోటీకి వచ్చిన సినిమాలను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పాత వీరులందరూ కలిసి కొడతారు. ఒక స్త్రీ సంసారం విడిచి దేశాలు తిరుగుతుంది. మరి స్కాట్ పిల్‌గ్రిమ్? ప్రేమకథా, పోరాటాల సినిమానా, పాటల సినిమానా, పిల్లల కోసమా, పెద్దల కోసమా? ట్రైలర్ అన్నింటినీ చూపించింది. అన్నీ చూపించేసరికి ఏదీ నిలవలేదు. కథానాయకుడు మైకేల్ సెరా 2007 నుంచి బెరుకు కుర్రాడి వేషాలే వేస్తున్నారని అప్పటికే చాలామంది విసుక్కుంటున్నారు. ‘మళ్లీ అదే కుర్రాడు’ అనుకుని ఆగిపోయినవాళ్లున్నారు.

ఇంతకంటే లోతైన కారణం ఒకటుంది. బాగున్న టాక్ బయటికి ఎందుకు పాకలేదన్నదే అసలు చిక్కుముడి. సినిమా నచ్చినవాడు స్నేహితుడికి ఏమని చెప్తాడు? ‘అచ్చం వీడియో గేములా ఉంటుంది, కామిక్ పుస్తకం కదిలినట్టుంటుంది’ అంటాడు. వీడియో గేములు ఆడేవాడికి అది పిలుపు. ఆడనివాడికి అదే మాట కంచె. పొగడ్తలోనే ‘ఇది నీకోసం కాదు’ అన్న అర్థం వినిపిస్తుంది. టాక్ ఒక గుంపు లోపల గుండ్రంగా తిరిగి, అక్కడే ఆగిపోయింది. రెండో వారాంతంలో వసూళ్లు దాదాపు సగానికి పడ్డాయి. ఏ మైనస్ మార్కులు వచ్చిన సినిమా నిలబడాల్సింది, నిలబడలేదు. సినిమాస్కోర్ మార్కులు ‘వచ్చినవాళ్లు వాళ్లు ఆశించినదాన్ని పొందారా’ అన్నదానికే జవాబిస్తాయి. ముందే ప్రేమతో వచ్చినవాళ్లు మంచి మార్కులు వేయడంలో ఆశ్చర్యం లేదు. అది ఎవరి టాక్ అన్నది కూడా అడగాలి.

ఇక్కడ మన ప్రేక్షకుల సంగతి ఒకటి చెప్పాలి. ఈ సినిమాను సంగీత నాటకంలా ఊహించుకున్నానని రైట్ చెప్పారు. భావోద్వేగం పట్టలేని చోట అక్కడి పాత్రలు పాటందుకుంటాయి, ఇక్కడి పాత్రలు కొట్లాట అందుకుంటాయి. కొట్లాట అయిపోగానే ఏమీ జరగనట్టు మాటల్లో పడతాయి. ఈ పద్ధతి చాలామంది అమెరికా ప్రేక్షకులకు మింగుడుపడలేదు. బక్కపలచటి గిటార్ కుర్రాడికి ఇంత కుస్తీ ఎలా వచ్చింది, చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు ఆశ్చర్యపోరు అని అడిగారు. తెలుగు ప్రేక్షకుడికి ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. ఇంటి ముంగిట్లో మాట్లాడుకుంటున్న జంట మరుక్షణం మంచుకొండల మధ్య పాడుతుంటే ఎలా వెళ్లారని మనం ఎన్నడూ అడగలేదు. ఒక్క గుద్దుకు పదిమంది గాలిలో తేలితే అది శరీర బలం లెక్క కాదనీ, అతని కోపం లెక్క అనీ మనకు తెలుసు. అక్కడ తిక్కగా కనిపించినది మనకు వ్యాకరణం.

ఆ ఏడుగురిలో మొదటివాడు మ్యాథ్యూ పటేల్ కావడం అందుకే నాకు ముఖ్యంగా తోస్తుంది. బ్రిటన్‌లో పుట్టిన భారత సంతతి నటుడు సత్యా భాభా ఆ పాత్ర వేశారు. పటేల్ పైకప్పు బద్దలుకొట్టుకుని దూకుతాడు, కొట్లాట మధ్యలో గాలిలోకి లేచి పాటందుకుంటాడు, అతని వెనక దెయ్యపు భామలు చిందేస్తారు. కామిక్‌లోనూ ఈ ఘట్టం ఉంది. హాలులో కొందరు సినిమాకు లొంగిపోయిందీ, ఇంకొందరు తలుపు మూసుకున్నదీ ఇక్కడే. ఒక భారతీయ పేరు రాగానే బాలీవుడ్ పాట రావాలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ పాత్రకు అంతకు మించిన జీవితం సినిమాలో లేదు కూడా. అయినా, సినిమా తన వ్యాకరణాన్ని ప్రేక్షకుడికి మొదటిసారి నేర్పే చోట మన సినిమాల పద్ధతిని ఎంచుకోవడాన్ని నేను వెక్కిరింతగా చదవలేను. పాట, పోరాటం ఒకే ఆవేశానికి రెండు రూపాలన్న సంగతి ఆ ఘట్టంలోనే స్పష్టమవుతుంది.

చూసినవాళ్లలోనూ అందరూ ఒకే మాట అనలేదు. పరవశించినవాళ్ల మాట తెలిసిందే. ప్రతి ఫ్రేములో ఏదో ఒక చమత్కారం, రెండోసారి చూస్తేనే దొరికే పని. నీరసపడినవాళ్లు ఇంకొందరు. ఏడుగురితో పోరాటాలంటే నాలుగో పోరాటానికే ఊపిరి అందదు, ఆగి మనుషులను చూడనివ్వదు. ఈ ఫిర్యాదును కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆరు సంపుటాల కథను రెండు గంటల్లోపు ఇరికిస్తే మొదట నలిగేది మనుషుల మధ్య ఖాళీ సమయమే. కామిక్‌లో పోరాటాల మధ్య చలికాలపు వీధులు, పార్టీలు, అద్దెకు డబ్బుల్లేని రోజులు, కబుర్లు ఎన్నో పుటలు ఉంటాయి. స్కాట్ పాత స్నేహితురాలు కిమ్ పైన్‌కు అక్కడ పెద్ద గాయం, పెద్ద కథ ఉన్నాయి. తెర మీద ఆమె డ్రమ్ముల వెనక ముఖం ముడుచుకుని కూర్చున్న పిల్లగా మిగిలింది.

కామిక్ చదివినవాళ్ల అసలు బాధ స్కాట్ గురించి. అతను మంచివాడు కాడు. ఒకమ్మాయితో ఉంటూనే ఇంకొకమ్మాయి వెంట పడతాడు, చెప్పాల్సిన నిజం చెప్పడు, తాను నొప్పించినవాళ్లను సులువుగా మరిచిపోతాడు. పుస్తకంలో ఆ మరుపే కథకు కేంద్రం. స్కాట్ తన గతాన్ని తనకు అనుకూలంగా గుర్తుంచుకున్నాడని చివరి సంపుటంలో బయటపడుతుంది. అతని చీకటి ప్రతిరూపం అతని ఎదుట నిలుస్తుంది, పారిపోకుండా దాన్ని తనలో కలుపుకున్నాకే చేసిన తప్పులన్నీ గుర్తొస్తాయి. సినిమాలోనూ ఆ ప్రతిరూపం వస్తుంది. కానీ ఇద్దరూ కాసేపు కబుర్లు చెప్పుకుని, కలిసి తిందామనుకుని విడిపోతారు. హాలంతా నవ్వుతుంది. పుస్తకంలో లెక్క తేల్చుకున్న చోట సినిమా నవ్వించి ముందుకు పోయింది. పుస్తకం తెలియనివాళ్లకు అది చక్కటి జోకు. తెలిసినవాళ్లకు ఏదో జారిపోయినట్టుంది.

అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2009లో చిత్రీకరణ జరిగేనాటికి వచ్చినవి అయిదు సంపుటాలే. ఆరోది సినిమాకు మూడున్నర వారాల ముందు, 2010 జూలై 20న వెలువడింది. సినిమా ముగింపు రాసేటప్పుడు పుస్తకం ముగింపు ఇంకా పుట్టలేదు. మొదట చిత్రీకరించిన ముగింపులో స్కాట్ రమోనాతో వెళ్లడు, నైవ్స్‌తోనే ఉండిపోతాడు. పరీక్షా ప్రదర్శనల్లో చూసినవాళ్లు రెండు వర్గాలుగా చీలారు. ఇంత పోరాటం ఎవరి కోసం చేశాడో ఆమెను వదిలేయడమేమిటని ఒక వర్గం, నైవ్స్‌కే న్యాయం జరిగిందని ఇంకో వర్గం. చివరికి రమోనాతో వెళ్లేలా మళ్లీ తీశారు. విడుదలకు ముందే ఈ సినిమా ప్రేక్షకులను చీల్చిందన్నమాట. ఆ చీలిక ఇప్పటికీ మానలేదు. నా మట్టుకు మార్చిన ముగింపే నిలుస్తుంది. కారణం రమోనా కాదు. విడిపోయేముందు నైవ్స్‌కు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది, స్కాట్‌ను తన నోటితో తానే సాగనంపుతుంది.

ఆ ఓటమి వారాంతంలో యూనివర్సల్ మార్కెటింగ్ అధికారి మైకేల్ మోజెస్ తనకు మూడు మాటల సందేశం పంపారని రైట్ తర్వాత చెప్పారు: ‘సంవత్సరాలు, రోజులు కాదు.’ అదే జరిగింది. డిస్కులు అమ్ముడయ్యాయి, అర్ధరాత్రి ఆటలు పడ్డాయి. సినిమాతో పాటు వచ్చిన వీడియో గేమును 2014లో అమ్మకం నుంచి తీసేస్తే అభిమానులు ఏళ్ల తరబడి అడిగి అడిగి 2021లో తిరిగి రప్పించుకున్నారు. పదేళ్లు నిండిన 2020లో నటీనటులు ఎవరి ఇంట్లో వాళ్లుండి, ఒక సేవా సంస్థ నిధుల కోసం స్క్రిప్టు మొత్తం చదివారు. మరుసటి ఏడాది సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఈలోగా నటులే మారిపోయారు. పాత ప్రేమికుల్లో ఒకడైన క్రిస్ ఎవాన్స్ కెప్టెన్ అమెరికా అయ్యారు. స్కాట్ మనసు విరిచిన గాయని వేషం వేసిన బ్రీ లార్సన్ ఆస్కార్ అందుకున్నారు, తర్వాత కెప్టెన్ మార్వెల్ అయ్యారు. స్కాట్ గది స్నేహితుడు కీరన్ కల్కిన్‌కు 2025లో ఆస్కార్ వచ్చింది. 2010లో ఇంకా పెద్ద తారలు కాని కుర్రకారు సినిమా, ఇప్పుడు చూసేవాడికి తారల గుంపు. పదేళ్ల తర్వాత చూసిన ప్రేక్షకుడు చూసింది అదే సినిమా కాదు.

అభిమానుల పొరపాటు అన్నాను కదా, అది ఇక్కడుంది. ‘అప్పుడు జనానికి అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది’ అని వాళ్లంటారు. అప్పుడు రాని జనం ఇప్పుడూ రాలేదు. నీరసపడినవాళ్లు పదిహేనేళ్లుగా ఆ మాటే చెప్పుకుంటూ కూర్చోరు, మరిచిపోయి వెళ్లిపోతారు. ప్రేమించినవాళ్లు మాత్రం ఉండిపోయి మాట్లాడుతూనే ఉంటారు. కాలం గడిచేకొద్దీ వినిపించే గొంతులన్నీ వాళ్లవే అవుతాయి. దాన్ని అందరి తీర్పు అనుకోవడం, మొదటి వారాంతపు వసూళ్లను అందరి తీర్పు అనుకున్నంత పొరపాటే. నిజం చెప్పాలంటే ఇది కొద్దిమంది సినిమా. ఆ కొద్దిమందికి ఎంతో లోతుగా నచ్చిన సినిమా. కొద్దిమంది కోసం ఆరు కోట్ల డాలర్లు పెట్టడమే లెక్కలో జరిగిన తప్పు. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ‘కిక్-యాస్’ కూడా తిక్క కామిక్ సినిమాయే. దాదాపు సగం ఖర్చుతో తీశారు, లాభపడ్డారు.

ఈ కథ మనకూ దగ్గరిదే. స్కాట్ పిల్‌గ్రిమ్ తర్వాత ఎనిమిది వారాలకే, 2010 అక్టోబర్ 7న, త్రివిక్రమ్ దర్శకత్వంలో మహేశ్‌బాబు ‘ఖలేజా’ వచ్చింది. అక్కడ కథ తలకిందులు. ఓపెనింగ్స్‌కు కొదవ లేదు, హీరో పేరే జనాన్ని రప్పించింది. టాక్ దెబ్బతీసింది. అంతకుముందు ఆ జంట చేసిన గంభీరమైన సినిమా లాంటిది ఆశించి వచ్చినవాళ్లకు, ఒక టాక్సీ డ్రైవర్‌ను ఊరు దేవుడనుకునే వింత కథ, గలగలా వాగే హీరో ఎదురయ్యారు. తర్వాత టీవీలో వేసినప్పుడల్లా ఇళ్లలో నవ్వులు పూశాయి. టీవీ ముందు కూర్చున్నవాడు టికెట్ కొనలేదు, ఫలానాది కావాలని పట్టుబట్టలేదు, అందుకే ఉన్నదాన్ని చూడగలిగాడు. 2025 మే 30న దాన్ని మళ్లీ విడుదల చేస్తే హాళ్లలో ప్రతి డైలాగూ జనమే ముందుగా అందుకున్నారు. రెండు సినిమాల్లోనూ మారింది ప్రేక్షకుడు వెంట తెచ్చుకున్న ఆశ.

2023 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో స్కాట్ పిల్‌గ్రిమ్ కథ ఎనిమిది భాగాల యానిమేషన్ ధారావాహికగా వచ్చింది. సినిమా నటులు దాదాపు అందరూ గొంతులిచ్చారు. పాత కథనే మళ్లీ చెప్తారనుకుని కూర్చున్నవాళ్లకు మొదటి భాగం చివర్లోనే దిమ్మ తిరిగింది. మ్యాథ్యూ పటేల్‌తో పోరాటంలో స్కాట్ ఓడిపోతాడు, నాణేలుగా రాలి మాయమవుతాడు. మోసపోయామని కొందరు, ఇన్నాళ్లకు కొత్తదనం చూశామని కొందరు, ప్రేక్షకులు మళ్లీ చీలారు. సినిమాలో ఒక పాట పాడి పేలిపోయిన పటేల్ ఇక్కడ ఏడుగురి నాయకుణ్నే ఓడించి అతని సామ్రాజ్యాన్ని చేజిక్కించుకుంటాడు. రమోనాను గెలుచుకునే బహుమతిగా మార్చారన్నది సినిమా మీద పదమూడేళ్లుగా ఉన్న అభ్యంతరం. ఇక్కడ ఆమే బయల్దేరుతుంది. మాయమైన స్కాట్‌ను వెతుకుతూ పాత ప్రేమికుల దగ్గరికి ఒక్కొక్కరిగా వెళ్లి, తాను వదిలి వచ్చిన రోజున వాళ్లకు ఏమైందో కూర్చుని వింటుంది. ఆ రమోనాకు గొంతునిచ్చింది సినిమాలో రమోనాగా నటించిన మేరీ ఎలిజబెత్ విన్‌స్టెడే.